తడి ఆరని చొక్కా

కిటికీ పక్క బల్లను ఆ పిల్లకిచ్చి అయిదు వారాలైంది. అయినా పొద్దున్నే గదిలోకి వచ్చేసరికి హెస్టర్ క్విన్లన్ కాళ్ళు తమంతట తామే అటు నడిచేవి. రెండడుగులు వేశాక గుర్తొచ్చి, టోపీ తగిలించడానికే అటు వచ్చినట్టు నటించి, గోడవారనున్న తన కొత్త బల్ల దగ్గరికి మళ్ళేది. గదిలో ఎవరూ లేకపోయినా నటించేది. సినిమా కంపెనీలో తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషికి ఆ మాత్రం నటన అబ్బకపోదు.

ఆ పిల్ల పేరు ఓపల్ స్ట్రాండ్. ఇరవైమూడేళ్ళు. నెబ్రాస్కాలో రైలెక్కి లాస్ ఏంజెలస్‌లో దిగిన నాలుగో నెలకల్లా ఆరు రీళ్ళ కథ రాసి కంపెనీకిచ్చింది. డైరెక్టర్ ప్రూయిట్ ఒక్క సీనూ మార్చకుండా తీశాడు. తీసి ఊరుకోక, బొమ్మకు ముందు పడే పేర్ల అట్ట మీద "కథ, దృశ్యరచన: ఓపల్ స్ట్రాండ్" అని ఒక వరస వేయాలన్నాడు.

హెస్టర్ నలభై దాటిన మనిషి. బొమ్మకు ఇంకా మాటలు రాని రోజులవి. బొమ్మ నడుస్తూ నడుస్తూ ఆగి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పడతాయి చూడండి, ఆ టైటిళ్ళు రాసేది ఆమె. నూట నలభై సినిమాలకు రాసింది. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. విచిత్రమేమిటంటే, పేర్ల అట్ట మీద ఎవరెవరు ఉండాలో జాబితా టైపు చేసి, కింద తన పొడి అక్షరాలు వేసి, అక్షరాలు దిద్దే స్వీడన్ ముసలాయనకు పంపేది కూడా ఆమే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది తానే అయినా హెస్టర్ విస్తరి ఖాళీగానే ఉండేది. ఇన్నాళ్ళూ ఆకలి తెలియలేదు. పక్క విస్తట్లో పడ్డాక తెలిసింది.

కడుపు రగిలిపోతున్న సంగతికి ఏదైనా మర్యాదైన పేరు పెడదామని ఆమె వారం రోజులు చూసింది. అలసట అనుకుంది. వయసు అనుకుంది. కాలిఫోర్నియా ఎండ అనుకుంది. చివరికి అది ఉత్త అసూయేనని ఒప్పుకుని కాస్త తేలికపడింది.

సోమవారం సినిమాను, టైటిళ్ళు ఇంకా పెట్టకుండానే, అతుకులతో సహా కంపెనీ వాళ్ళకు చూపించారు. చిన్న గది, ఆరు కుర్చీలు. ప్రూయిట్ ముందు వరసలో ఓపల్ పక్కన కూర్చున్నాడు. నారింజపండు ఒలిచి సగం ఆ పిల్లకిచ్చాడు. మొన్న మొన్నటిదాకా ఆ సగం హెస్టర్‌ది. ఆమెకు నారింజ పులుపు పడదు, ప్రతిసారీ తినకుండా చేతిరుమాలులో చుట్టేసేది. అయినా ఆ సగం అటు వెళ్తుంటే చూపు దాని వెంటే పోయింది.

కథ ఒక చాకలి పని చేసుకునే ఆడదానిది. మొగుడు ఇంకొకత్తెతో కలిసి మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతున్నాడు. ఊరికే పనిమీద వెళ్తున్నానని చెప్పాడు. ఆమెకు అంతా తెలుసని వాడికి తెలియదు. ఉన్నది ఒక్కటే మంచి చొక్కా. వాడు బనీనుతో కూర్చుని చొక్కా కోసం చూస్తున్నాడు. ఆమె పొయ్యి మీంచి ఇస్త్రీపెట్టె తీసి చొక్కా రుద్దింది. కాలరు, చేతులు, వీపు, అన్నీ అయ్యాయి. చొక్కా ఎత్తి చూసుకుంది. మళ్ళీ బల్ల మీద పరిచింది. గిన్నెలో వేళ్ళు ముంచి, ఆరిన చొక్కా మీద నీళ్ళు చిలకరించింది. మళ్ళీ మొదట్నుంచి రుద్దడం మొదలుపెట్టింది. వాడు గడియారం వైపు చూశాడు. అది కూడా అయిపోయాక ఆమె మూడోసారి గిన్నెలో వేళ్ళు ముంచింది.

అంతే సీను. అందులో ఒక్క మాట లేదు.

చీకట్లో హెస్టర్ కుర్చీలో ముందుకు వంగింది. ఇది నాకెందుకు తట్టలేదు అనుకుంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా, ఇందులో సగమైనా ఎందుకు తట్టలేదు? దీపాలు వెలిగేలోపు ఆమె తనకొక ఓదార్పు వెతుక్కుంది. తట్టడమేమిటి, ఆ పిల్ల చూసి ఉంటుంది. తల్లి పదిళ్ళ బట్టలు ఉతికి బతికిన మనిషై ఉంటుంది. తండ్రి ఒకనాడు అలాగే వెళ్ళిపోయి ఉంటాడు. గుమ్మంలో నిలబడి పిల్ల చూసి ఉంటుంది. ఉన్న గాయానికి కట్టు విప్పి చూపించడానికి పెద్ద పనితనమేం కావాలి? అడిగితే నిమిషంలో తేలిపోయేది. కాని అడగడమంటే మెచ్చుకోవడమే. ఆ పని హెస్టర్ చచ్చినా చేయదు.

మంగళ, బుధవారాలు టైటిళ్ళ పని నడిచింది. మాటకో అడుగు ఫిల్ము చొప్పున లెక్క. ఆరు మాటల టైటిలుకు ఆరడుగులు. అంతకన్నా తక్కువైతే జనం చదవలేరు, ఎక్కువైతే ఆవలిస్తారు. హెస్టర్ ప్రతి టైటిలూ పైకి చదివి, వేలితో బల్ల మీద తాళం వేసి, ఒక మాట కొట్టేసి మళ్ళీ చదివేది. అరవైయొకటో నంబరు దగ్గరికి వచ్చేసరికి బుధవారం సాయంత్రమైంది. అది చొక్కా సీను. ఓపల్ రాసిన కాగితంలో అక్కడ టైటిలు లేదు. హెస్టర్ ఒకటి రాసింది. ఒక్క దెబ్బలో వచ్చేసింది, కొట్టివేతలు కూడా లేవు.

"చొక్కా తడిగా ఉన్నంతసేపే అతను ఆమెవాడు."

చదువుకుంటే ఒళ్ళు పులకరించింది. ఇంత బాగా ఆమె ఎన్నడూ రాయలేదు. మొదటిసారి నీళ్ళు చిలకరించగానే ఈ అక్షరాలు పడితే సీను ఎవరిదని అడుగుతారు? ఆ అక్షరాలు రాసినవాళ్ళదే. మంచి టైటిలు కాబట్టి పెడుతున్నానని ఆమె అనుకుంది. నిజమే, మంచి టైటిలే. కాని అది మంచిది కాకపోయినా పెట్టేదే.

ఓపల్ ఆ కాగితం చదివి, చూయింగ్‌గమ్ నమలడం ఆపింది. తర్వాత కాగితం పట్టుకుని హెస్టర్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇక్కడ మాట వద్దండీ, మిస్ క్విన్లన్. వాక్యం చాలా బాగుంది. కాని చూసేవాళ్ళకి ఆమె చేతులు చూస్తేనే తెలుస్తుంది."

"నువ్వు రాశావు కాబట్టి నీకు తెలుసు. ఊళ్ళో వాళ్ళందరికీ ఎలా తెలుస్తుందమ్మాయ్?"

"మీకు తెలియలేదా?"

హెస్టర్ పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టింది. ఓపల్ ప్రూయిట్ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇద్దరు ఆడవాళ్ళ మధ్య తలదూర్చడం ఇష్టంలేని మనిషి. గురువారం జనానికి చూపిస్తున్నాం కదా, జనమే చెప్తారు, అని తేల్చేశాడు.

ఎప్పుడూ జనానికి ముందుగా చూపించే హాలుకి రంగులు వేస్తున్నారు. అందుకని ఈసారి రేవు వైపు, శాన్ పెడ్రోలో ఒక హాలు మాట్లాడారు. పనివాళ్ళ కథ పనివాళ్ళకే చూపిద్దామన్నాడు మేనేజర్ డగ్గన్. డగ్గన్‌కి సినిమా చూసే అలవాటు లేదు. హాలు బయట, తలుపు ఓరగా తీసిన చోట కుర్చీ వేసుకుని, లోపలి చప్పుడు వింటూ కాగితం మీద గీతలు పెట్టేవాడు. నవ్వుకో గీత, అలజడికో గీత. బొమ్మను చెవులతో చూసే మనిషి. ప్రూయిట్ ఆయన పక్కనే నిలబడి సిగరెట్లు కాల్చేవాడు.

గురువారం ఏడింటికి హాలు నిండింది. హెస్టర్ మధ్య వరసలో కూర్చుంది. ఓపల్ ఇంకా ముందెక్కడో ఉంది. హెస్టర్ పక్కన చేపల డబ్బాల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన తల్లీకూతుళ్ళు ఉన్నారు. ఎంత సబ్బు పెట్టినా పోని ట్యూనా వాసన వాళ్ళ చేతుల నుంచి వస్తూనే ఉంది. కూతురికి ఇరవై ఉంటాయి.

మొదటి టైటిలు పడగానే హాలంతా గుయ్యిమంది. హెస్టర్ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపిస్తున్నారు. కూతుళ్ళు తల్లులకు, మనవరాళ్ళు తాతలకు, పెళ్ళాలు మొగుళ్ళకు. ఇంగ్లీషులో కాదు, ఇటలీ మాటల్లో, స్లావు మాటల్లో, ఇంకేవో మాటల్లో. టైటిలు పోయి బొమ్మ రాగానే చప్పుడు తగ్గేది. మళ్ళీ టైటిలు, మళ్ళీ గుయ్యిమనడం. పంతులు బయటికెళ్ళిన తరగతి గదిలా ఉంది హాలు.

చొక్కా సీను వచ్చింది. ఆమె ఇస్త్రీపెట్టె తీసింది. కాలరు, చేతులు, వీపు. హాల్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు లేదు. ఆమె చొక్కా ఎత్తి చూసి మళ్ళీ పరిచింది. గిన్నెలో వేళ్ళు ముంచింది. పక్కనున్న తల్లి సన్నగా ఊపిరి పీల్చి కొంగు... కొంగంటే అలవాటైన మాట, వాళ్ళకు ఉండేది శాలువా, ఆ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నీళ్ళ చుక్కలు చొక్కా మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడు తెర నల్లబడి అక్షరాలు వచ్చాయి.

హాలు మొత్తం ఒక్కసారిగా చదవడం మొదలుపెట్టింది. వాక్యం కాస్త కవిత్వంగా ఉండేసరికి వాళ్ళ భాషల్లోకి సరిగా దిగలేదు. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు సరిదిద్దారు. ఎవరో వెనక నుంచి ఇంకోసారి చెప్పమన్నారు. పక్కనున్న తల్లి కూతురి చేతి మీద చరిచి ఏదో అంది. బొమ్మ మళ్ళీ వచ్చేసరికి తెర మీద ఆమె రెండోసారి రుద్దుతూ ఉంది, హాల్లో సగంమంది ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. మూడోసారి నీళ్ళు చిలకరించినప్పుడు ఎవరూ సరిగా చూడలేదు.

హెస్టర్ ఉండబట్టలేక, మీ అమ్మ ఏమందని కూతుర్ని అడిగింది.

ఆ అమ్మాయి నవ్వింది. "నేను చూస్తూనే ఉన్నాను కదే, నాకు చెప్పాలా అంటోంది. తను ఏడుద్దామనుకునే లోపల నేను చదివి అడ్డమొచ్చానట."

మిగిలిన రెండు రీళ్ళలో ఏమేం జరిగాయో హెస్టర్‌కి తెలియదు.

శుక్రవారం పొద్దున్నే డగ్గన్ కబురు పంపాడు. హెస్టర్ వెళ్ళేసరికి ప్రూయిట్ అక్కడే ఉన్నాడు. డగ్గన్ కాగితం బల్ల మీద పరిచాడు. గీతలతో కంచె కట్టినట్టుంది. ప్రతి టైటిలు దగ్గరా హాలు హోరెత్తిపోయిందనీ, తన జన్మలో ఇలాంటి స్పందన వినలేదనీ అన్నాడు. అరవైయొకటో నంబరు దగ్గర గీతలు కాగితం అంచు దాటిపోయాయి. ఆ కాగితం సంగతి న్యూయార్కు ఆఫీసుకి చెప్పాననీ, పేర్ల అట్ట మీద ఒక మార్పు చేయాలనీ అన్నాడు. డైరెక్టర్ పేరు ఎలాగూ ఉంటుంది. దాని కింద ఒక్క వరసకే చోటు. ఆ వరసలో "టైటిళ్ళు: హెస్టర్ క్విన్లన్" అని వేయాలి.

ప్రూయిట్ గోళ్ళు చూసుకుంటూ, ఓపల్ చిన్నపిల్ల, ముందు ముందు కావలసినన్ని పేర్లు వేయించుకుంటుంది అన్నాడు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే మాట హెస్టర్‌తో వేరే డైరెక్టర్ అన్నాడు. ఆమె అది అప్పుడు నమ్మింది.

"అది మెచ్చుకున్న చప్పుడు కాదండీ," అంది. "చదివి వినిపించుకున్న చప్పుడు."

"చప్పుడు చప్పుడే, మిస్ క్విన్లన్. నచ్చకపోతే నిద్రపోయేవాళ్ళు," అన్నాడు డగ్గన్.

ఆమె రెండోసారి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకు బాగా తెలుసు. గదికి వచ్చి జాబితా టైపు చేసింది. తన పేరు కొట్టేటప్పుడు ఒక్కొక్క అక్షరమూ నెమ్మదిగా కొట్టింది. కాగితం మిషన్లోంచి తీసి, దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. ఎంత బాగుందో. అవతల బల్ల దగ్గర ఓపల్ ఏమీ టైపు చేయడం లేదు. కబురు అప్పటికే చేరినట్టుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఎప్పుడూ చెప్పే నమస్కారం కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. హెస్టర్ ఆ జాబితాను వెంటనే పంపకుండా సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళింది.

శనివారం ఎనిమిదింటికి ఆమె ముందుగా ఎడిటింగ్ గదికి వెళ్ళింది. ఫెర్న్ అప్పటికే తెల్ల చేతితొడుగులు వేసుకుని కత్తెర పట్టుకుని ఉంది. ఫెర్న్, హెస్టర్ ఒకే ఏడు పనిలో చేరారు, ఒకరి కడుపులో మాట ఒకరికి దాగదు. గుడ్డ పరిచిన బుట్టల్లోకి ఫిల్ము ముక్కలు తోరణాల్లా వేలాడుతున్నాయి. నాలుగో రీలు ఇమ్మంది హెస్టర్. వెలుతురు బల్ల మీద పెట్టి, వేళ్ళ మధ్య నుంచి జార్చుకుంటూ చూసింది. గిన్నెలో వేళ్ళు. చుక్కలు. తర్వాత అయిదడుగుల నలుపు, అందులో తెల్లటి అక్షరాలు. తర్వాత ఇస్త్రీపెట్టె. ఆ ఆడదాని చేతికీ ఆ ఇస్త్రీపెట్టెకూ మధ్య తను అడ్డంగా నిలబడి ఉంది.

ఇలాంటి సీను తను రాయలేదు. ఇకముందు రాస్తుందన్న నమ్మకమూ లేదు. రాయలేకపోయిన బాధ చాలదా, చెడగొట్టినదానిగా కూడా మిగలాలా? ఓపల్ మీద ఆమెకు జాలి కలగలేదు. అక్కసు పిసరంతైనా తగ్గలేదు. కాని ఆ సీను మీద మనసు పడిపోయింది. మనసు పడ్డదాన్ని అలా చూడలేకపోయింది.

"అరవైయొకటి తీసెయ్, ఫెర్న్."

ఫెర్న్ కత్తెర కదపలేదు. "డగ్గన్ ఊరుకుంటాడా? నిన్నటి నుంచి దాని గురించే ఊరంతా చెప్తున్నాడు."

"సోమవారం రైలుకి ఫిల్ము పెట్టెలు న్యూయార్కు పోతాయి. బొమ్మ ఆడి నాలుగు డబ్బులొచ్చేదాకా ఆయన చూడడు. చూశాక నన్ను వెళ్ళగొడితే వెళ్ళగొట్టనీ."

రెండు కత్తిరింపులు. ఫెర్న్ అంచులు గీరి, జిగురు రాసి, నొక్కి పట్టుకుంది. టైటిలు ముక్క బుట్టలోకి జారింది. హెస్టర్ సంచిలోంచి నిన్నటి జాబితా తీసి నాలుగుగా చింపి, కొత్త కాగితం మీద చేత్తో రాసింది. డైరెక్టర్ పేరు. దాని కింద "కథ, దృశ్యరచన: ఓపల్ స్ట్రాండ్". కింద తన పొడి అక్షరాలు. స్వీడన్ ముసలాయన ఆ అక్షరాలుంటే చాలు, ఎవర్నీ అడగడు.

"పిచ్చిదానా," అంది ఫెర్న్ భుజం మీంచి చూసి, "తొమ్మిదేళ్ళకొచ్చిన పేరే అది."

"నాకిచ్చింది ఆ ఒక్క టైటిలు చూసి. అది నీ బుట్టలో ఉంది."

మంచిపని చేస్తే మనసు హాయిగా ఉంటుందంటారు. హెస్టర్‌కి అలాంటిదేమీ అనిపించలేదు. పన్ను పీకించుకుని వచ్చినట్టుంది. నాలుక మాటిమాటికీ ఆ ఖాళీ దగ్గరికే పోతోంది.

ఆమె గదికి వచ్చేసరికి ఓపల్ తన సామాను అట్టపెట్టెలో సర్దుతోంది. పెన్సిళ్ళు, నిఘంటువు, కుర్చీలో వేసుకునే దిండు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది.

"మీ పేరు పడుతోందటగా. సంతోషం. నన్ను అవతలి వీధి కంపెనీ వాళ్ళు రమ్మన్నారు."

"నీ పేరే పడుతుంది. జాబితా ఇప్పుడే పంపాను," అంది హెస్టర్. "ఆ టైటిలు కూడా తీయించేశాను."

ఓపల్ నమ్మలేదు. ఇందులో ఏం మెలిక ఉందోనన్నట్టు చూసింది. "ఎందుకు?" అంది.

హెస్టర్ దానికి జవాబు చెప్పాలంటే చాలా చెప్పాలి. వారం నుంచి గొంతులో ఇరుక్కున్న ప్రశ్న ఒకటుంది. అది బయటికి వస్తే తన ఓదార్పన్నా నిలబడుతుందని ఆశ.

"ఆరిన చొక్కా మీద మళ్ళీ నీళ్ళు చిలకరించడం... మీ అమ్మ చేసిందా?"

"మా అమ్మా?" ఓపల్‌కి అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. "మా నాన్నది మందుల షాపండీ. బట్టలు బయటికే వేస్తాం. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె ఎవరూ పట్టుకోలేదు, మా నాన్న ఎక్కడికీ వెళ్ళిపోలేదు. ఈ సీను కోసమే ఇక్కడ ఒక లాండ్రీలో మూడు రోజులు నిలబడి చూశాను. అక్కడ కూడా ఎవరూ అలా చేయలేదు. మొదట ఆమె చేత చొక్కా కాల్పించాను. బాగా లేదు. తర్వాత గుండీ తెంపించాను. రైలు టికెట్టు దాపించాను. పదకొండు సార్లు రాశాను. పన్నెండోసారికి నీళ్ళు తట్టాయి."

గాయం లేదు, గుమ్మంలో నిలబడ్డ పిల్ల లేదు. కల్పించింది, పదకొండుసార్లు కొట్టేసి మరీ. హెస్టర్‌కి అసూయ నెత్తికెక్కింది. ఇప్పటిదాకా పడ్డది దీని ముందు అసూయే కాదు. ఇక దానికి అడ్డుపెట్టుకోవడానికి ఏ సాకూ మిగల్లేదు.

"ఆ పదకొండూ పారేశావా?"

"లేదు. పెట్టె అడుగున ఉన్నాయి."

"తియ్యి."

ఓపల్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, దిండూ నిఘంటువూ పక్కన పెట్టి, అడుగు నుంచి నలిగిన కాగితాల కట్ట తీసింది. హెస్టర్ కళ్ళజోడు తుడుచుకుని, పైకాగితం, చొక్కా కాల్చిన సీను, అందుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది. తను రాసి ఉంటే ఇక్కడే ఆగిపోయేది. ఆగిపోయి, బాగుందనుకునేది.

"కూర్చో," అంది. "చొక్కా కాల్చడం ఎందుకు చాల్లేదో నాకు చెప్పు."